ఆరడుగుల ట్యాంకు, నాచు తినే చేపలు: తొమ్మిది నెలల ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 11

ఈ రోజు కొత్త ట్యాంకు ఇంటికి వచ్చింది. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, 12 ఎంఎం అద్దం. ఆటోలోంచి దించి హాల్లోకి చేర్చడానికి ఆరుగురం పట్టాం.

ఇది సరదాకి కొన్నది కాదు. మూడేళ్ల క్రితం పాప పుట్టినరోజుకి చిన్న అక్వేరియం కొన్నప్పుడు, "అద్దానికి పాచి పట్టకుండా ఇది వేసుకోండి సార్" అని షాపులో రెండంగుళాల సక్కర్ ఫిష్ ఒకటి ఇచ్చారు. పాప దానికి బుజ్జోడు అని పేరు పెట్టింది. ఇప్పుడు బుజ్జోడు 13 అంగుళాలు. ఆ పాత ట్యాంకు వెడల్పు 12 అంగుళాలే కాబట్టి వెనక్కి తిరగాలంటే ఒళ్లు విల్లులా వంచుకోవాల్సి వస్తోంది. రోజూ అది చూస్తూ భోంచేయడం నావల్ల కాలేదు.

"ఏలూరు కాలవలో వదిలెయ్ బాబాయ్, హాయిగా బతుకుద్ది" అని చెప్పినవాళ్లు నలుగురున్నారు. బతుకుతుందనే నా భయం. ఇవి దక్షిణ అమెరికా నదుల చేపలు. ఇళ్లలోనూ షాపుల్లోనూ పెంచి వదిలేసినవే మన చెరువుల్లో, కాలవల్లో సంతానం పెంచుకున్నాయి. మా విజయవాడ కాలవల్లో వలకి పడుతున్న ఈ చేపని జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. వాటికి ఇంకొకటి కలపను. బుజ్జోడికి తిరగడానికి చోటుండే ట్యాంకు కట్టాలి, అందులో నాచు పని చూసుకునే వేరే చేపలు పెట్టాలి. ప్రాజెక్టు ఇదే.

బరువు లెక్క ముందే వేసుకున్నాను. లోపలి జాగా 24 ఘనపుటడుగులు, అంటే సుమారు 680 లీటర్లు. పైన రెండంగుళాలు ఖాళీ వదిలి, ఇసుకా మొద్దులూ ఆక్రమించేది తీసేస్తే 580 లీటర్ల నీళ్లు పడతాయి. అద్దం 120 కిలోల పైన, ఇసుక 80 కిలోలు, ఇనుప స్టాండు విడిగా. మొత్తం 850 కిలోల దగ్గరికి వస్తుంది. మాది కింద వాటా కాబట్టి ధైర్యం చేశాను. మేడ మీద వాటా అయితే ఇంజనీరుని అడగకుండా ముందుకెళ్లేవాణ్ని కాదు.

స్టాండు మీద రసమట్టం పెట్టి చూస్తే ఎడమవైపు 4 ఎంఎం పల్లం. వెల్డింగ్ చేసినతనే వచ్చి ఆ కాళ్ల కింద ఇనుప బిళ్లలు పెట్టి సరిచేశాడు. పైన థర్మోకోల్ షీటు పరిచి ట్యాంకు ఎక్కించాం.

ఆగస్టు 24

లీకు పరీక్ష అయిపోయింది. పదిరోజులు నిండుగా పెట్టాను, చుక్క కారలేదు.

ఇసుక కృష్ణా నదిదే. ఒక గుప్పెడు గ్లాసులో వేసి వెనిగర్ పోస్తే బుడగలు వచ్చాయి. గుల్లల ముక్కలున్నాయన్నమాట, అవి నీటిని ఇంకా గట్టిగా చేస్తాయి. జల్లెడ పట్టి, పెద్ద గుల్లలు ఏరి, తొమ్మిది సార్లు కడిగాక రెండో గుప్పెడు దాదాపు నిశ్శబ్దంగా ఉంది. ఆ మాత్రం చాలు.

మొద్దులు మా ఊరి తోటలో ఎండిపోయిన జామచెట్టువి. బెరడు పూర్తిగా చెక్కేసి, బట్టలుడికించే డేక్సాలో ఉడికించి, మూడు వారాలుగా డ్రమ్ములో నానబెడుతున్నాను. ఈ జాతి చేపలకి మొద్దు అలంకారం కాదు. దాన్ని గీరుతూ ఉంటాయి, దానిమీద పట్టే జిగురుపొరని తింటాయి, పగలు దాని కిందే దాక్కుంటాయి.

నీళ్లు కొలిచాను. బోరు నీళ్లు చాలా కఠినం, నైట్రేటు 30 పీపీఎం. కార్పొరేషన్ కుళాయి నీళ్లు కృష్ణ నుంచి వచ్చేవి, కాస్త మెత్తన, నైట్రేటు 5. బోరు పక్కన పెట్టేశాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ప్రతిసారీ సోడియం థయోసల్ఫేట్ కలపాలి.

పాత ట్యాంకు ఫిల్టర్లో మూడేళ్ల బాక్టీరియా ఉంది. ఆ స్పాంజీలనీ సిరామిక్ రింగులనీ కుళాయి కింద కడగకుండా అలాగే కొత్త ఫిల్టర్లోకి మార్చాను. దీనివల్ల అమ్మోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చే పని మొదటి రోజు నుంచే నడుస్తుంది. లేకపోతే నాలుగైదు వారాలు ఎదురుచూడాలి.

సెప్టెంబర్ 6

అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా. బుజ్జోడిని మార్చాను.

వలతో పట్టొద్దు. దీని రెక్కల ముందు ముళ్లు వలలో చిక్కుకుంటే విడదీయడం దానికీ నరకం, మనకీ నరకం. ప్లాస్టిక్ టబ్బుని నీళ్లలో ముంచి, మెల్లగా అందులోకి తోలి, నీళ్లతో సహా ఎత్తాను. కొత్త ట్యాంకులో రెండు నిమిషాలు కదల్లేదు. తర్వాత ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క ఊపున ఈదింది. పాప చప్పట్లు కొట్టింది. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

సెప్టెంబర్ 19

అద్దం మీద, ఇసుక మీద, మొద్దుల మీద గోధుమరంగు దుమ్ములాంటి పొర. వేలితో తుడిస్తే పోతుంది. ఇవి డయాటమ్‌లు. కొత్త ట్యాంకులో ఇది మామూలే, నీటిలోని సిలికాతో పెంకు కట్టుకునే సూక్ష్మజీవులు.

అమ్మ ట్యాంకు ముందు నిలబడి అడిగింది: "పాచి తింటదనే కదరా దాన్ని తెచ్చింది. మరి తినదేం?"

చిన్నప్పుడు తినేదమ్మా అని చెప్పాను. పెద్దయ్యాక ఈ చేపకి గోళీల తిండి, కూరముక్కల రుచి తెలిసిపోతుంది, పలచటి పొర కోసం అద్దమంతా గీరే ఓపిక తగ్గుతుంది. పైగా ఇంత పెద్ద చేప వేసే రెట్టతో నైట్రేటు పెరిగి, అదే నాచుకి ఎరువవుతుంది. పాచి తగ్గిస్తుందని అమ్మిన చేప పాచిని పెంచుతోంది.

డయాటమ్‌లని ఇష్టంగా తినేవి ఆటోసింక్లస్‌లు అనే చిన్న చేపలు, పొట్టిగా ఆటోలు. వేలి పొడవు కూడా ఉండవు, నాలుగు సెంటీమీటర్లు. షాపులో చెప్పి ఉంచితే ఈ రోజు వచ్చాయి. 12 తీసుకున్నాను, ఒక్కోటి 180 రూపాయలు.

సెప్టెంబర్ 23

మూడు చనిపోయాయి.

అక్టోబర్ 1

మొత్తం అయిదు చనిపోయాయి, ఏడు మిగిలాయి. ఈ వారమంతా సరిగ్గా నిద్ర లేదు. ఎక్కడ తప్పు జరిగిందో రాసి పెట్టుకుంటున్నాను.

ఈ చేపల్లో ఎక్కువ భాగం దక్షిణ అమెరికా నదుల్లో పట్టి పంపేవే. పట్టినప్పటి నుంచి మన చేతికి వచ్చేదాకా ఎన్నో తొట్లు, ఎన్నో సంచులు. దారిలో తిండి ఉండదు. షాపు ట్యాంకు అద్దం తళతళా మెరుస్తుంటుంది, అక్కడా తినడానికి ఏమీ ఉండదు. నేను కొన్న రోజు వాటి పొట్టలు చూడలేదు. అద్దానికి అతుక్కున్నప్పుడు కిందినుంచి చూస్తే పొట్ట గుండ్రంగా, పాలరంగులో ఉబ్బి ఉండాలి. నావి లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. చనిపోయినవన్నీ అవే.

రెండో తప్పు, ట్యాంకు చాలా కొత్తది. డయాటమ్ పొర చూసి తిండి దండిగా ఉందనుకున్నాను. ఏడెనిమిది రోజుల్లో పన్నెండు చేపలు దాన్ని సగానికి పైగా తినేశాయి. ఆ తర్వాత? నాచు తినే చేప కదా అని దానికి వేరే తిండి ఆలోచించలేదు. గేదెకి పచ్చిక చూపించి, పచ్చిక అయిపోయాక కుడితి కూడా పెట్టకపోవడం లాంటిది ఇది.

ఇప్పుడు చేస్తున్నది రెండు పనులు. ఒకటి, బీరకాయ. చెక్కు తీసి చక్రాలుగా కోసి, మెత్తబడేదాకా రెండు నిమిషాలు ఉడికించి, స్టీలు చెంచాకి గుచ్చి అడుగుకి దించుతున్నాను. మొదటి రెండు రోజులు ఒక్కటీ దగ్గరికి రాలేదు. మూడో రాత్రి నాలుగు వచ్చాయి. మార్కెట్‌లో కొన్న కూర కాబట్టి ఉప్పునీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, చెక్కు మందంగా తీస్తున్నాను. పురుగుమందు అంటే ఈ చేపలకి చుక్క కూడా ఎక్కువే.

రెండోది మేడ మీద నాచు సాగు. ఏటి నుంచి తెచ్చిన గుండ్రాళ్లు, అరచేయంత వెడల్పువి, ఇరవై నాలుగు. రెండు తెల్ల టబ్బుల్లో పేర్చి, ట్యాంకులోంచి తీసిన పాతనీళ్లు పోసి ఎండలో పెట్టాను. ఆ నీళ్లలో నైట్రేటు ఉంటుంది, ఎరువు విడిగా అక్కర్లేదు. వానాకాలం, దోమల కాలం. టబ్బులకి దోమతెర గుడ్డ బిగించి కట్టాను, అయిదు రోజులకోసారి నీళ్లు పారబోస్తాను.

అక్టోబర్ 14

తొమ్మిదో రోజుకే రాళ్ల మీద పలచటి పచ్చ పొర పట్టింది. మెత్తగా, వేలికి జారేలా ఉంది. ఎనిమిది రాళ్లు ట్యాంకులోకి దించాను. పావుగంటలో ఏడు ఆటోలూ ఆ రాళ్ల మీదే. చిన్న నోళ్లు ఎంత వేగంగా ఆడుతున్నాయో, కుట్టుమిషన్ సూది గుర్తొచ్చింది. మూడు రోజుల్లో రాళ్లు బోసిపోయాయి. వాటిని మేడ మీదకి, మేడ మీదవి ట్యాంకులోకి. ఇరవై నాలుగు రాళ్లు మూడు జట్లుగా తిరుగుతున్నాయి.

ఈ పద్ధతికి ఖర్చు లేదు. ఆటోలు పెట్టాలనుకునేవాళ్లు చేపలకంటే పదిహేను రోజుల ముందు రాళ్లు ఎండలో పెట్టండి.

ఏడింటి పొట్టలూ గుండ్రంగా ఉన్నాయి.

అక్టోబర్ 20

దసరా సెలవుల్లో చుట్టాల పిల్లలందరూ వచ్చి ట్యాంకు ముందే కూర్చున్నారు. వాళ్ల కోసం లైటు రాత్రి పదకొండు దాకా వెలిగింది, గోళీలు కూడా గుప్పెడేసి పడ్డాయి. ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది. మొద్దుల మీద, మొక్కల ఆకుల చివర్ల మీద పచ్చటి దారం నాచు. తలవెంట్రుకలంత పొడవు. పడమటి కిటికీలోంచి మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా సరాసరి ఎండ పడుతోందని కూడా ఇప్పుడే గమనించాను. పొద్దున ట్యాంకు పెట్టాం, అందుకే అప్పుడు ఎండ కనిపించలేదు.

చేసినవి: కిటికీకి మందపు తెర. లైటుకి టైమర్, రోజుకి పది గంటలు వెలిగేదాన్ని ఆరు గంటలకి తగ్గించాను. వారానికి 30 శాతం నీళ్ల మార్పు. టూత్‌బ్రష్‌తో చుట్టి చేతికి వచ్చినంత దారం లాగేశాను, అరచొంబు వచ్చింది.

దారం నాచు, ఆ తర్వాత తరచూ వచ్చే నల్లగడ్డం నాచు, ఈ రెండింటినీ తినేది సయామీస్ ఆల్గే ఈటర్. ఆరు ఆర్డరిచ్చాను.

అక్టోబర్ 27

ఆరు వచ్చాయి. సంచి వెలుతురుకి పట్టి చూశాను. రెండే అసలువి.

ఇక్కడ చాలామంది మోసపోతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. అసలు సయామీస్ చేపకి ముక్కు నుంచి మొదలైన నల్లగీత తోక చీలిక చివరిదాకా ఆగకుండా వెళ్తుంది. ఆ గీత అంచులు రంపంలా గరుగ్గా ఉంటాయి. రెక్కలు రంగు లేకుండా అద్దంలా ఉంటాయి. ఫ్లయింగ్ ఫాక్స్ అనే ఇంకో చేప చాలా దగ్గరగా కనిపిస్తుంది కానీ దాని నల్లగీత అంచు స్కేలు పెట్టి గీసినట్టుంటుంది, పైన బంగారు చార ఉంటుంది, రెక్కల మీద నలుపు ఉంటుంది. అది దారం నాచుని పెద్దగా పట్టించుకోదు.

నాకు వచ్చిన మిగతా నాలుగు ఈ రెండూ కావు, చైనీస్ ఆల్గే ఈటర్లు. గీత మధ్యమధ్యలో మచ్చలుగా తెగి ఉంటుంది. నోరు కింద గుండ్రటి సక్కర్. దీని శరీర నిర్మాణం నిజంగా ఆశ్చర్యం. మొప్పకి పైన విడిగా ఇంకో రంధ్రం ఉంటుంది, నీళ్లు దాంట్లోంచే లోపలికి పీల్చుకుంటుంది. అందుకే నోరు రాయికి అతికించుకునే ఊపిరి తీసుకోగలదు. థాయిలాండ్ చుట్టుపక్కల వేగంగా పారే నదుల చేప. చిన్నప్పుడు నాచు బాగా తింటుంది. పెద్దయ్యేకొద్దీ, అది 25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, కోపిష్టి అవుతుంది. నెమ్మదిగా ఈదే వెడల్పు చేపల పక్కలకి అతుక్కుని జిగురు పీలుస్తుంది. బుజ్జోడి లాంటి చేప రాత్రి కదలకుండా పడుకుంటుంది, నాకు ఆ సీన్ ఊహించుకుంటేనే టెన్షన్.

సంచి విప్పకుండానే షాపుకి వెళ్లాను. "రెండూ ఒకటే అన్నా, పేరు మారుద్ది అంతే" అన్నాడు. ఫోన్లో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. చేపలు వెనక్కి తీసుకున్నాడు, డబ్బులు ఇవ్వలేదు. డబ్బులకి బాధ లేదు. ఆ నాలుగూ రేపు ఎవరింట్లో చిన్న గోల్డ్‌ఫిష్ తొట్లోకి వెళ్తాయోనన్నదే బాధ.

నవంబర్ 8

మిగతా నాలుగు అసలు సయామీస్‌లు చెన్నై కొళత్తూర్ నుంచి వేరే షాపు ద్వారా తెప్పించాను. ఇప్పుడు ఆరు. గుంపుగా ఉంటాయి, ఈత ఆపితే నీళ్లలో నిలబడలేక కిందకి జారి, రెక్కల మీద ఆనుకుని కూర్చుంటాయి. భలే ముద్దుగా ఉంటాయి అలా కూర్చున్నప్పుడు. దూకుతాయి కూడా, అందుకే మూతలో వైర్ల కోసం వదిలిన సందుల్ని స్పాంజితో పూడ్చాను.

అనుకున్నట్టే నల్లగడ్డం నాచు వచ్చింది. ఫిల్టర్ నీళ్లు పడే చోట, మొద్దు అంచుల మీద. నల్లటి కుచ్చులు, లాగితే రావు. దీని గురించి ఒక పరీక్ష చేశాను. చిన్న ముక్క కత్తిరించి గాజు గిన్నెలో సర్జికల్ స్పిరిట్‌లో వేశాను. పొద్దునకి నలుపు పోయి ఇటుకరంగు ఎర్రగా మారింది. చూడ్డానికి నల్లగా ఉన్నా ఇది ఎర్ర నాచుల కుటుంబానిది. పచ్చరంగు స్పిరిట్‌లో కరిగిపోతే లోపలి ఎరుపు బయటపడుతుంది. పాప ఆ గిన్నె స్కూలుకి పట్టుకెళ్తానంది. మూత బిగించి ఇచ్చాను.

సయామీస్‌లు ఆ కుచ్చుల వైపు చూడనైనా చూడటం లేదు. గోళీలు వేస్తుంటే వాటి మీదకే వస్తున్నాయి. ఈ రోజు నుంచి వారంలో రెండు రోజులు గోళీలు బంద్.

నవంబర్ 16

పొద్దున్నే ఏలూరు కాలవ గట్టుకి వెళ్లాను. ఒక పెద్దాయన వల దులుపుతున్నాడు. పక్కన గట్టు మీద అయిదారు సక్కర్ ఫిష్‌లు, ఒక్కోటి మూరెడు. అచ్చం బుజ్జోడే.

"ఇవి ఎక్కువ పడుతున్నాయా బాబాయ్?"

"ఎక్కువంటే? ఒకప్పుడు జెల్లలు పడే చోట ఇవే. ముళ్లు చూడు, వలంతా చించేస్తున్నాయి. తింటాకీ పనికిరావు, అమ్మటాకీ పనికిరావు. గట్టు మీద పడేస్తే గంటల తరబడి చావవు కూడా."

చావకపోవడానికి కారణం, ఇవి గాలి గుక్కలు మింగి కడుపు గోడలతో ఆక్సిజన్ తీసుకోగలవు. తడి ఉంటే చాలాసేపు తట్టుకుంటాయి. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి, అందుకు గట్లు కూడా గుల్లవుతాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేపని పట్టకుండానే, నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లతో ఇవి ఎక్కడున్నాయో కనిపెట్టే పద్ధతి తయారుచేశారంటే సమస్య ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

ఆ పెద్దాయనకి మా ఇంట్లో ఒకటి పెంచుతున్నానని చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి చాలాసేపు ట్యాంకు ముందు కూర్చున్నాను. తప్పు చేపది కాదు. దాన్ని ఇక్కడికి తెచ్చిన చేతులవి, వదిలేసిన చేతులవి. ఇది ఇంకో పదేళ్లకి పైగా బతకొచ్చు. బతికినన్నాళ్లూ ఈ నాలుగు అద్దాల మధ్యే బాగా చూసుకోవాలి.

డిసెంబర్ 7

నల్లగడ్డం మీద పురోగతి. మొద్దుల్ని బయటికి తీసి, కుచ్చుల మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సిరంజితో చుక్కలుగా వేసి, అయిదు నిమిషాలాగి, బాగా కడిగి తిరిగి పెట్టాను. మూడు రోజులకి కుచ్చులు గులాబీరంగుకి తిరిగాయి. అప్పుడు వచ్చాయి సయామీస్‌లు! బలంగా ఉన్న నాచుని ముట్టనివి, చావుకి దగ్గరపడ్డ మెత్తటి నాచుని గుంపుగా పీకి తిన్నాయి. మందూ చేపా కలిస్తేనే పని అయింది.

ట్యాంకు నైట్రేటు 45 నుంచి 20కి దిగింది. నీళ్ల మార్పు, తగ్గిన తిండి, రెండూ కారణం. ఒక మూల ఇసుక మీద నీలిపచ్చ జిగురు తెట్టు, బురద వాసన. అది నాచు కాదు, సయానో బాక్టీరియా. దాన్ని నా దగ్గరున్న ఏ చేపా ముట్టలేదు. సైఫన్‌తో పీల్చేసి, నీటి పారుదల అటు తిప్పాను.

జనవరి 18

సంక్రాంతికి ఊరెళ్లి అయిదు రోజుల తర్వాత వచ్చాం. ఎవరికీ తాళం ఇవ్వలేదు, తిండి వేయమని చెప్పలేదు. లైటు టైమర్ మీద ఆరు గంటలు. పోయేముందు పచ్చ రాళ్లు పదహారు దించి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మొద్దుల మీద దారం నాచు పోగు కూడా లేదు. అన్నీ లెక్కకి సరిపోయాయి.

మిగిలింది అద్దం మీద పచ్చచుక్కల నాచు. గోరుతో గీకినా రాదు. ఆటోల నోటికి అది లొంగదు. దీనికి బ్రిసిల్‌నోస్ ప్లెకో తెచ్చాను, ఒక మగ, మూడు ఆడ. బుజ్జోడికి చుట్టాలే కానీ 12 నుంచి 15 సెంటీమీటర్లకి ఆగిపోతాయి. సక్కర్ ఫిష్ కొనాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే చేప. మగదాని ముక్కు మీద కొమ్మల్లాంటి మెత్తటి మీసాలుంటాయి.

దాక్కోవడానికి కుమ్మరి దగ్గర మూతి సన్నటి మట్టి ముంతలు నాలుగు కొన్నాను, ఒక్కోటి 20 రూపాయలు. రంగూ వార్నిషూ లేనివి. అడ్డంగా పడుకోబెట్టి ఇసుకలో సగం పాతాను.

రాత్రి పదకొండుకి ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి చూస్తే, అద్దం మీద కరకర గీరుతూ దారులు చేసుకుంటూ వెళ్తున్నాయి. పొద్దున చూస్తే చుక్కల మధ్యలో శుభ్రమైన వంకర బాటలు. పూర్తిగా పోదు, నేను కూడా వారానికోసారి బ్లేడు గీస్తున్నాను. ముందు అద్దం నాది, వెనకా పక్కలూ వాటివి.

మార్చి 9

వారం రోజులుగా మగ బ్రిసిల్‌నోస్ ముంతలోంచి బయటికి రావడం లేదు. జబ్బేమో అనుకుని టార్చి వేశాను. దాని పొట్ట కింద నారింజరంగు గుడ్ల గుత్తి! చిన్న మిరియం గింజంత ఒక్కోటి. రెక్కలతో విసురుతూ కూర్చున్నాడు. మా ఆవిడని నిద్రలేపి చూపించాను.

మొన్న నీళ్లు మార్చినప్పుడు కుళాయి నీళ్లు కాస్త చల్లగా ఉన్నాయి. ఆ తేడాయే ఊపునిచ్చి ఉంటుంది. ట్యాంకు 27 డిగ్రీలు.

మార్చి 23

గుడ్లు 13న పగిలి పిల్లలయ్యాయి. పిల్లలు పొట్ట కింద పసుపు సంచి మోసుకుంటూ ముంత పైకప్పుకి అతుక్కుని ఉండేవి. సంచి కరిగాక ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఈ రోజు లెక్కపెట్టినవి 61. మేడ మీద రాళ్ల సాగు ఇప్పుడు వీటికోసం రెట్టింపు చేశాను, 48 రాళ్లు. ఉడికించిన పాలకూర ఆకు కూడా వేస్తున్నాను. తల్లి దగ్గర పాల కోసం చేరినట్టు ఆకు మీద చేరుతున్నాయి, పొద్దునకి ఈనెలు మాత్రమే మిగులుతాయి.

కొన్నిటిని పెద్ద చేపలు తింటాయని తెలుసు. ఇరవై పిల్లల్ని బుజ్జోడి పాత మూడడుగుల ట్యాంకులోకి మార్చాను.

ఏప్రిల్ 27

బయట 43 డిగ్రీలు. మధ్యాహ్నం నాలుగుకి ట్యాంకు 33.4. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఆటోలన్నీ పైకొచ్చి ఫిల్టర్ ధార దగ్గర ఉన్నాయి.

మూత తీసి, దూకకుండా పైన వల బిగించి, రెండు చిన్న ఫ్యాన్లు నీటి ఉపరితలం మీదకి పెట్టాను. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకెళ్తుంది. రెండు గంటల్లో 30.8. రోజుకి పన్నెండు లీటర్ల దాకా ఆవిరవుతోంది. ఆ లోటుకి కుళాయి నీళ్లు పోస్తే ఉప్పులు పేరుకుంటాయి కాబట్టి ఆర్వో నీళ్లే పోస్తున్నాను. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు, ఒక్కసారి చల్లబడితే ఆ కుదుపు తట్టుకోవు.

మే 12

మధ్యాహ్నం కరెంటు పోయింది, నాలుగున్నర గంటలు రాలేదు. ఎయిర్ పంపులు రెండూ ఇన్వర్టర్ మీద ఉన్నాయి, ఫిల్టర్ మాత్రం ఆగింది. బుజ్జోడు నిమిషానికోసారి పైకి దూసుకొచ్చి గాలి గుక్క మింగి కిందకి వెళ్తున్నాడు. ఆ రోజు గట్టు మీద చూసిన బలమే ఇక్కడ వాడిని కాపాడుతోంది. సయామీస్‌లకి ఆ వసతి లేదు. నీళ్లు చెంబుతో తీసి ఎత్తునుంచి పోస్తూ, నేనూ పాపా వంతులేసుకుని గంటకి పది నిమిషాలు. ఒక ఆటో పోయింది. మొదటి వారం గండం గడిచిన ఏడింటిలో ఒకటి. పాప దాన్ని తులసికోట పక్కన పాతిపెట్టింది.

రేపు ఫిల్టర్‌ని కూడా ఇన్వర్టర్‌కి కలపమని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.

మే 24

ఈ రోజు లెక్క: ఆటోలు 6, సయామీస్‌లు 6, పెద్ద బ్రిసిల్‌నోస్‌లు 4, పిల్లలు 38, బుజ్జోడు. నైట్రేటు 15. నల్లగడ్డం ఫిల్టర్ గొట్టం మీద ఒక్క చోట, రూపాయి బిళ్లంత.

పక్కవీధి కుర్రాడు వచ్చాడు. "అంకుల్, మా ట్యాంకుకి పాచి పడుతోంది. క్లీనర్ చేప ఒకటి ఇస్తారా?"

ట్యాంకు ఎంత అని అడిగాను. రెండడుగులు. లైటు ఎన్ని గంటలు? "రోజంతా అంకుల్." తిండి? "ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు."

లైటు ఆరు గంటలకి తగ్గించి, తిండి రోజుకోసారి చేసి, వారానికి మూడోవంతు నీళ్లు మార్చి, నెల తర్వాత రమ్మన్నాను. అప్పటికీ చేప కావాలంటే ఒక పిల్లని, ఒక ముంతని, చిన్న జామ మొద్దుని కలిపి ఇస్తాను. ప్రస్తుతానికి మేడ మీదకి తీసుకెళ్లి రాళ్ల టబ్బులు చూపించాను. నాలుగు రాళ్లు అడిగి పట్టుకెళ్లాడు.

రేపు పొద్దున రెండో జట్టు రాళ్లు మార్చాలి. ఎడమవైపు ముంతలో మగవాడు మళ్లీ బయటికి రావడం లేదు, రాత్రికి టార్చి వేసి చూడాలి.